ఆ రథమే ఈ రథమా?

పాడుపడిన షెడ్డులలో మోటారు కార్లను, గడ్డి మొలచిన పట్టాలపై రైలింజనులను, పొలముల మూలల ట్రాక్టరులను, విమానముల శకలములను వెదకి, వాని సంఖ్యలను కర్మాగారపు చిట్టాలతో సరిచూచుచు ఏండ్లు గడపువారికి ఒక ప్రశ్న తప్పక ఎదురగును: నేడు మన కన్నుల యెదుట నున్న యంత్రము నిజముగా ఆనాటి యంత్రమేనా? వేడుకకాండ్ర తగవుగా దోచు ఈ ప్రశ్న, మన తాత్త్వికులు దేహమును గూర్చియు, దేహిని గూర్చియు వేసికొన్న ప్రశ్నయే యని నా నమ్మకము.

ఫ్రాన్సు దేశమందలి లె మాన్‌లో జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1929లోను, 1930లోను వరుసగా గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారొకటి కలదు. 'ఓల్డ్ నంబర్ వన్' అని దానికి ప్రసిద్ధి. రెండు మారులును దానిని నడపినవారిలో వుల్ఫ్ బర్నాటో ఒకడు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెమునకై దానిలో ఎనిమిది లీటర్ల ఇంజను నమర్చిరి. ఆ పందెముననే అది గట్టు దాటి పడగా, నడపుచుండిన క్లైవ్ డన్‌ఫీ మరణించెను. భగ్నమైన దానిని మరల కట్టి పైకప్పు గల కారుగా మలచిరి. 1990లో దాని విక్రయమును గూర్చిన వివాదము ఇంగ్లండు హైకోర్టు కెక్కినపుడు, లె మాన్‌లో పరుగెత్తిన లోహము ఇందులో దాదాపు లేదు గనుక ఇది ఆ కారు కాదని కొనుగోలుదారు వాదము. న్యాయమూర్తి ఆటన్ ఆ లోపము నెరిగియు, దాని చరిత్ర యెన్నడును తెగలేదనియు, అది ఆ కారేననియు తీర్పు చెప్పెను.

మన తాత్త్వికులలోను ఇదే తగవు కలదు. బౌద్ధభిక్షువైన నాగసేనుడు మిళింద రాజుతో వాదించుచు రథమును విప్పి చూపెను గదా! ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు. వాని కూర్పు నాశ్రయించిన వ్యవహారమే రథము. న్యాయదర్శనము ననుసరించు నైయాయికు డట్లనడు: అవయవములకంటె అవయవి వేరు, కాని యొక అవయవము తొలగినంతనే పూర్వపు అవయవి నశించి మరియొకటి పుట్టును. ఆతని లెక్కలో ఆ బెంట్లీ తొలి మరమ్మతుతోనే గతించినది. నాకు నచ్చినది నాగసేనుని మరియొక మాట: రాత్రి తొలిజాము దీపజ్వాలయు, తుదిజాము జ్వాలయు ఒకటియు కావు, వేరును కావు. ఆ న్యాయమూర్తి తీర్పు దీనికే చేరువ.

అయితే జ్వాలకు సాక్షి అక్కరలేదు, యంత్రమునకు కావలయును. తుప్పును గీకి, ఛాసీపై సుత్తితో దిగగొట్టిన అంకెలను సుద్ద రుద్ది చదువు అన్వేషకుడు, ఆ అంకెల క్రింద కొట్టివేయబడిన వేరొక సంఖ్యను చూచినపు డచటనే ఆగి, పాత రిజిస్ట్రేషను పుస్తకమును, మరమ్మతు బిల్లులను, వృద్ధుడైన డ్రైవరు జ్ఞాపకమును వెదకబోవును. తెగినదో తెగలేదో తేల్చునది ఆ వెదకుటయే. కావున, యంత్రము నశించి దశాబ్దములు గడచిన పిదప, మిగిలిన పేరుపలకను మాత్రము కొని, దాని చుట్టును సమస్తమును కొత్తగా కట్టి పాత పేరు పెట్టుటను నేనెంతమాత్రము అంగీకరింపను. పలక జీవుడు కాదు.

ఇంతకంటె కష్టమైన దొకటి కలదు. ఛాసీ ఒకని యింటికిని, ఇంజను మరియొకని యింటికిని పోయి, కాలక్రమమున రెండును పూర్తి కార్లై, రెండును ఒకే జన్మను చెప్పుకొనుట ఈ లోకమున వింత కాదు. అట్టిచోట అన్వేషకుడు ఏ యొకదానిని అసలుదానిగా ఎన్నరాదనియు, పరంపర చీలిన సంవత్సరమును వ్రాసి, రెండు శాఖలను పక్కపక్కనే నమోదు చేయవలెననియు నా అభిప్రాయము, యజమాను లిరువురును నొచ్చుకొన్నను.