ఒకే కప్పు కింద వైరాగ్యం

బ్రహ్మచర్యాన్ని వ్రతంగా స్వీకరించిన క్రైస్తవ సమాజాలలో స్త్రీలకొక మఠం, పురుషులకొక మఠం ఏర్పరచడం పరిపాటి కాగా, ఇరువురినీ ఒకే ఇంట నివసింపజేసి ఆ వ్రతాన్ని నిలుపుకొన్నవారుగా షేకర్లు ప్రత్యేకంగా పేర్కొనదగినవారు. పద్దెనిమిదో శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టిన ఈ శాఖవారికి ఆరాధనావేశంలో శరీరాలు కంపించేవి గనుక, ‘ఊగిపోయేవారు’ అనే అర్థంలో లోకులు ఎగతాళిగా పెట్టిన పేరే చివరకు స్థిరపడింది.

కమ్మరి కుమార్తెగా పుట్టి, చిన్ననాటి నుంచే నూలు పనిలో కూలి చేసి, కన్న నలుగురు బిడ్డలనూ పోగొట్టుకొన్న ఈ శాఖ నాయకురాలు ఆన్ లీ (1736–1784), చెరసాలలో ఉండగా తనకు దర్శనం కలిగిందనీ, దేహవాంఛే మానవుని పతనానికి మూలమనీ బోధించింది. 1774లో కొద్దిమంది అనుచరులతో అమెరికా చేరిన ఆమెలో దైవం స్త్రీరూపాన వ్యక్తమైందని భక్తులు విశ్వసించారు. అర్ధనారీశ్వర భావన ఎరిగిన పాఠకునికి ఇది వింతగా తోచకపోవచ్చు గాని, ఆనాటి పాశ్చాత్యులలో అనేకులకు ఇది దైవదూషణగానే కనిపించింది.

ఆమె మరణానంతరం జోసెఫ్ మీచమ్, లూసీ రైట్ అనే ఇద్దరు ఈ విశ్వాసానికి సమష్టి జీవన రూపమిచ్చారు. రక్తసంబంధంతో నిమిత్తం లేకుండా కలిసి బతికే సభ్యుల సమూహాన్ని వారు ‘కుటుంబం’ అన్నారు. దాని పెద్దరికంలో స్త్రీపురుషులకు సమాన స్థానం ఉండేది. ఆస్తి అందరిదీ; ద్వారాలు, మెట్లు మాత్రం స్త్రీలకు వేరు, పురుషులకు వేరు. పని వారికి ఆరాధనలో భాగం కావడం వల్ల కుర్చీలోనైనా, అండాకారపు చెక్కపెట్టెలోనైనా అనవసరపు నగిషీ కనిపించదు. గోడ పొడవునా వరుసగా మేకులు దిగగొట్టి, ఊడ్చేటప్పుడు చీపురుకు అడ్డురాకుండా కుర్చీలను వాటికి తగిలించేవారంటే, శుభ్రతను వారు ఎంతటి నియమంగా భావించారో తెలుస్తుంది. కూరగాయల విత్తనాలను చిన్న కాగితపు పొట్లాలలో అమ్మి పేరు తెచ్చుకొన్నవారూ వీరే.

పందొమ్మిదో శతాబ్ది మధ్య నాటికి వేలల్లో ఉన్న ఈ సమాజం, సంతానం లేని కారణంగా కొత్తగా చేరేవారిపైనా, తాము పెంచిన అనాథలపైనా ఆధారపడవలసి వచ్చింది. పెరిగి పెద్దయిన పిల్లలకు ఉండే స్వేచ్ఛనూ, వెళ్లే స్వేచ్ఛనూ ఇవ్వగా, ఎక్కువమంది వెళ్లిపోయారు. బలవంతపు భక్తిని కోరకపోవడం వారి ఔన్నత్యమే గాని, దాని మూల్యం మాత్రం సామాన్యమైనది కాదు. నేడు మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ అనే ఒక్క గ్రామంలో, వేళ్లమీద లెక్కించదగిన సభ్యులతో, ఈ సమాజం సజీవంగా ఉంది.