పుట్టు వెంట్రుకలు: సున్నత్ ఏది? అపోహ ఏది?

సమస్త స్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించడం దైవప్రవక్త (స) నేర్పిన సంప్రదాయం. అయితే శ్రీశైలం రహదారి మీదున్న తుక్కుగూడలో గానీ, ఇబ్రహీంపట్నంలో గానీ, తెలుగునాట మరే ఊళ్లో గానీ ఒక తల్లిని “బిడ్డకు గుండు ఎందుకు చేయించావమ్మా?” అని అడిగి చూడండి. “జుట్టు ఒత్తుగా రావాలని” అన్న జవాబు వినిపించడం మామూలే. సున్నత్ అనే మాట ఆ తర్వాత వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. ఆ జవాబులో నిజమెంత? నిజం లేకపోతే దానివల్ల మనకు కలిగే నష్టమేమిటి? ఈ రెండూ ఆలోచిద్దాం.

ప్రవక్త (స) ఏం బోధించారు?

ప్రతి బిడ్డా తన అఖీఖాకు తాకట్టు పడి ఉంటుందనీ, ఏడో రోజున జంతువును జిబహ్ చేసి, తల గొరిగించి, పేరు పెట్టాలనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి) ఉల్లేఖించారు. ఇది అబూదావూద్, తిర్మిజీ తదితర గ్రంథాలలో ఉంది. అజ్ఞాన కాలంలో అరబ్బులు బలి రక్తాన్ని పసిబిడ్డ తలకు పూసేవారు. ఇస్లాం వచ్చాక రక్తం మానేసి, తల గొరిగించి కుంకుమపువ్వు పూసేవాళ్లమని హజ్రత్ బురైదా (రజి) తెలిపారు. హజ్రత్ హసన్ (రజి) పుట్టినప్పుడు ఆయన తల గొరిగించి, ఆ వెంట్రుకల బరువుకు సమానమైన వెండిని దానం చేయమని ప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)కు చెప్పారని తిర్మిజీలో ఉంది. ఆ బరువు ఒక దిర్హమో, అంతకు కొంచెం తక్కువో అయింది. అంటే దాదాపు మూడు గ్రాముల లోపే!

గమనించండి. ఇక్కడ పరిశుభ్రత ఉంది, కృతజ్ఞత ఉంది, పేదవాని హక్కు ఉంది. జుట్టు ఒత్తుగా వస్తుందన్న వాగ్దానం మాత్రం ఈ హదీసులలో ఎక్కడా లేదు.

జుట్టు సంగతి ఏమిటి?

మాతృగర్భాలలో తాను కోరిన విధంగా మన రూపాలను తీర్చిదిద్దేవాడు అల్లాహ్‌యేనని దివ్యఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా 6వ ఆయతులో తెలిపింది. వైద్యులు చెప్పేది వినండి: బిడ్డ తల్లి కడుపులో ఉండగానే, దాదాపు 22 వారాలు వచ్చేసరికి వెంట్రుకల కుదుళ్లు ఏర్పడిపోతాయి. తల మీద సుమారు లక్ష ఉంటాయి. పుట్టాక కొత్తవి చేరవు. జుట్టు పలుచనా, ఒత్తా అన్నది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణం. చర్మం పైన కనిపించే వెంట్రుక జీవం లేనిది. కత్తి దాన్నే కోస్తుంది. చర్మం లోపలున్న కుదురుకు ఆ సంగతే తెలియదు.

“మల్లెపొదను కత్తిరిస్తే గుబురుగా రాదా?” అని కొందరు అడుగుతారు. పొద కొమ్మలో ప్రాణముంది, కణుపు దగ్గర కొత్త చిగురు వేస్తుంది. వెంట్రుకకు కణుపూ లేదు, చిగురూ లేదు.

1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త మగవారి గడ్డాన్ని పరిశీలించి, గొరగడం వల్ల వెంట్రుక మందం గానీ, రంగు గానీ, పెరిగే వేగం గానీ మారదని తేల్చారు. మరి గుండు తర్వాత ఒత్తుగా ఎందుకు కనిపిస్తుంది? సహజమైన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, కోసిన కొన మొద్దుగా ఉంటుంది. పైగా అన్నీ ఒకే పొడవున లేస్తాయి. పుట్టుకతో వచ్చిన మెత్తని జుట్టు మొదటి నెలల్లో దానంతటదే రాలి, ఏడాది రెండేళ్లలో దాని స్థానంలో గట్టి జుట్టు వస్తుంది. గుండు చేయించినా, చేయించకపోయినా అది వచ్చేదే. పేరు మాత్రం కత్తికి దక్కుతోంది.

అపోహ వల్ల నష్టమేమిటి?

మొదటిది, బిడ్డకు. జుట్టు రాలేదని మళ్లీ మళ్లీ గుండు చేయిస్తే ఆ లేత చర్మం తెగుతుంది, పుండు పడుతుంది. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడితే హెపటైటిస్ బి వంటి జబ్బులు అంటుకోవచ్చు.

రెండవది, తల్లికి. ఆడపిల్లకు జుట్టు పలుచగా ఉంటే “సరిగ్గా గుండు చేయించలేదు” అని కోడలిని దెప్పే అత్తగారూ ఉన్నారు. అల్లాహ్ సృష్టికి ఆ అమ్మాయిని బాధ్యురాలిని చేయడం ఏం న్యాయం?

మూడవది అన్నిటికంటే పెద్దది. ప్రవక్త (స) చెప్పని ప్రయోజనాన్ని మనం సున్నత్‌కు అంటగడుతున్నాం. రేపు జుట్టు ఒత్తుగా రాకపోతే ఇంట్లోని చదువుకున్న పిల్లవాడు కత్తిని కాదు, సున్నత్‌నే శంకిస్తాడు. తెలియని విషయం వెంట పడవద్దనీ, చెవి, కన్ను, మనసు అన్నిటినీ విచారించడం జరుగుతుందనీ ఖుర్ఆన్ 17:36లో హెచ్చరిక ఉంది. సున్నత్ నిలబడటానికి మన అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు.

మరి ఏం చేయాలి?

ఏలూరు వాసి జాఫర్ షరీఫ్ రాసిన ‘ఖానూనె ఇస్లాం’ ఆంగ్లానువాదం 1832లో లండన్‌లో వెలువడింది. బిడ్డ వెంట్రుకలకు సమానంగా వెండి తూచి పంచడం, పీర్ల పేరిట పిలక వదలడం రెండూ అందులో కనిపిస్తాయి. మొదటిది నిలుపుకోండి, రెండవది వదిలేయండి. తలలో కొంత గొరిగి కొంత వదలడాన్ని ప్రవక్త (స) వారించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు.

ఏడో రోజున కొత్త బ్లేడుతో, చేయి తిరిగిన క్షురకునితో తల మొత్తం తీయించండి. నడినెత్తిన మెత్తగా ఉండే మాడు దగ్గర జాగ్రత్త వహించండి. నెలలు నిండకుండా పుట్టిన లేదా బలహీనమైన బిడ్డ అయితే డాక్టరు సరేననే వరకు ఆగండి, తప్పు లేదు. ఆడపిల్ల విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అయితే హజ్రత్ ఫాతిమా (రజి) తమ కుమార్తెలు జైనబ్, ఉమ్మె కుల్సూమ్‌ల వెంట్రుకలు కూడా తూచి వెండి దానం చేసినట్లు ముఅత్తాలో ఉంది. ఫంక్షన్ హాలు దొరకలేదని అఖీఖాను ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. వెంట్రుకలను తూయించి, అంత వెండి ధరను మీ బస్తీలోని పేదవానికి ఆ రోజే అందించండి.

ఆ తర్వాత బిడ్డ జుట్టు ఒత్తుగా వచ్చినా, పలుచగా వచ్చినా అల్హమ్దులిల్లాహ్ అనండి.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్లకు చలువగా చేయుగాక! సున్నత్‌ను సున్నత్‌గానే ఆచరించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.