పలకకు ముందు ఇసుక

తల్లీ,

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట నోటిదాకా వచ్చింది. మీ ఆయన ముందు చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. చిన్నాడు చుక్కల మీద పెన్సిలు పెట్టి గీత దిద్దలేకపోతున్నాడని, బడివాళ్లు వెనకబడ్డాడన్నారని కళ్లనీళ్లు పెట్టుకున్నావు. రెండున్నరేళ్లవాడు ఎవరికంటే వెనకబడతాడమ్మా? వాడి చెయ్యి ఇంకా తయారు కాలేదు, అంతే.

ముప్పయ్యేళ్లకు పైగా అంగన్‌వాడీలో పసిపిల్లల మధ్య బతికినదాన్ని. నా మాట విను. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. ఆఖరిది గట్టిపడేసరికి తొమ్మిది పదేళ్లు దాటతాయి. మీవాడికి ఇప్పుడు గట్టిపడినవి రెండో మూడో ఉంటాయి. ఆ చేత్తో సన్నటి పెన్సిలు పట్టి గీతల మధ్య రాయమంటే లేత కొమ్మకు ఉయ్యాల కట్టినట్టే. ఆ చేతికి ముందు పిసకడం, తవ్వడం, పొయ్యడం, పిండడం రావాలి.

అందుకు నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. మీ బాల్కనీలో నిలబడితే రుషికొండ సముద్రం కనబడుతుంది. 2020లో ఈ బీచికి, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా ఎంత సంబరపడ్డామో గుర్తుందా? ఆ ఇసుక మీద నీ కొడుకు వట్టి కాలు ఎన్నిసార్లు పడింది? ఒకసారి తీసుకెళ్లి, బూట్లతోనే నడిపించి, ఫొటో తీసి వెనక్కి తెచ్చేశావు.

ఈసారి బూట్లు విప్పు. పొడి ఇసుక గుప్పిట్లోంచి జారిపోతుంది, తడి ఇసుక ముద్దవుతుంది, బరువెక్కుతుంది. పొద్దున చల్లగా ఉన్నదే పదింటికి కాలుతుంది. అల వెనక్కి పోతున్నప్పుడు మడమ కింద ఇసుక జారుతుంటే వాడు తూలతాడు, కాలివేళ్లతో నేలను పట్టుకుంటాడు. అది వాడికి పెద్ద పాఠం. ఇంద్రియాలు అయిదని మనం చదువుకున్నాం గానీ పసివాడికి ఇంకో రెండున్నాయి. ఒళ్లు ఎటు ఒరుగుతోందో లోపలి చెవి చెబుతుంది. చెయ్యి ఎక్కడుందో, ఎంత బలం పెట్టాలో కండరాలూ కీళ్లూ చెబుతాయి. గ్లాసు ఒలక్కుండా పట్టుకోవడం, రేపు పెన్సిలును కాగితం చిరక్కుండా నొక్కడం, ఇవన్నీ ఆ రెండు ఇంద్రియాలూ కుదిరితేనే వస్తాయి.

ఫ్రిజ్‌కు అంటించిన అయస్కాంతం ఒకటి చిన్న గుడ్డసంచిలో వేసి పట్టుకెళ్లు. దాన్ని ఇసుకలో ఈడిస్తే నల్లని రేణువులు సంచికి గుత్తులుగా అతుక్కుంటాయి. ఈ భీమిలి తీరమంతా బరువైన ఖనిజాలు కలిసిన ఇసుకే. ఎర్రగా మెరిసేవి గోమేదికం జాతి రేణువులు. వాడికి ఆ పేర్లు అక్కర్లేదు, ఆ ఆశ్చర్యం చాలు. పేర్లు పదేళ్లకు చెబుదువు గాని.

ఒక్క జాగ్రత్త. రుషికొండ అలను నమ్మకు, లోపలికి లాగేస్తుంది. అల చివరి నురుగు తాకే అంచు దాటనివ్వకు, చెయ్యి వదలకు, చేతిలో ఫోను పట్టుకోకు. చిన్న గవ్వలూ గులకరాళ్లూ నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు. కన్ను వాడి మీదే ఉండాలి.

ఇసుకతో చదువు మొదలుపెట్టడం మనకు కొత్త కాదు. మా నాన్నగారు వీధిబడిలో నేల మీద ఇసుక పోసుకుని, చూపుడువేలితో అక్షరాలు దిద్దారు. పలక ఆ తరవాతే. అక్షరాభ్యాసానికి పళ్లెంలో బియ్యం పోసి పిల్లాడి వేలు పట్టించేదీ అందుకే అనిపిస్తుంది నాకు. అక్షరం ముందు వేలికి తెలియాలి, తరవాత కంటికి. మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ 1907లో రోమ్‌లో పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పసివాళ్ల చేత వేళ్లతో తడిమించింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలాన 1946 దాకా ఈ దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. విజయవాడలో కోటేశ్వరమ్మ గారు 1955లో ఆవిడ పేరుతోనే పిల్లల బడి పెట్టారు. ఇప్పుడు ప్రతి సందులో ఆ పేరు బోర్డు మీద కనబడుతుంది. ఎవరైనా పెట్టుకోవచ్చు, అడ్డేమీ లేదు. అందుకని బోర్డు చూసి చేర్పించకు. లోపలికి వెళ్లి, పిల్లల చేతుల్లో ఏముందో చూడు.

ఇంకో సంగతి. వాడికి అన్నం పెడుతూ ఫోను చూపిస్తున్నావు. నాకు చాలా బాధనిపించింది. పసివాడికి మాటలు తెర నుంచి కాదు, మనిషి నుంచే వస్తాయి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిషు మాట్లాడే ఇళ్ల పసివాళ్లకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఎక్కువమంది పట్టలేకపోయారు. వినని శబ్దాలను చెవి అంత తొందరగా వదులుకుంటుంది. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపిస్తే, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడినప్పుడు నేర్చుకున్నారు, అవే మాటలు టీవీలో వచ్చినప్పుడు నేర్చుకోలేదు. మనిషి ముఖం కావాలమ్మా వాడికి. రెండేళ్లు నిండేదాకా తెర వద్దనీ, నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వాడితో తెలుగులో మాట్లాడు. పోపు వేస్తూ ఆవాలు చిటపటమంటుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఇంగువ వాసన చూపించు, కరివేపాకు దూయించు. పెరుగన్నం వాడి చేత్తో వాడినే కలుపుకోనీ. మీద పడితే పడనీ, గచ్చు నేను తుడుస్తాను.

బొమ్మలకని బోలెడు ఖర్చు పెడుతున్నావు. నొక్కితే పాడేవి, వెలిగేవి. బొమ్మే అన్నీ చేసేస్తే పిల్లాడు చెయ్యడానికి ఏం మిగులుతుంది? వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక మనకెంత దూరమని! అక్కడ అంకుడు కర్రను చెక్కి, ఆకులూ గింజలూ బెరళ్ల రంగులు కలిపిన లక్క పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నీ చిన్నప్పటి లక్కపిడతలు అవే. ఆ నునుపు, ఆ తేలిక, ఒకదానికొకటి తగిలినప్పుడు ఆ చప్పుడు ప్లాస్టిక్‌కు రాదు. ఒక గిలక, ఒక బొంగరం చాలు.

బడివాళ్లు మళ్లీ అంటే నెమ్మదిగానే చెప్పు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశ అంది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటతోనే చదువు అంటుంది. మీవాడికి ఇంకా మూడు నిండలేదు. అయితే ఒకటి మాత్రం నిర్లక్ష్యం చెయ్యకు. పేరు పెట్టి పిలిచినా తిరగని పిల్లలు, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపని పిల్లలు, ఇసుకో నీళ్లో తగిలితే ఓదార్చలేనంతగా ఏడ్చే పిల్లలు ఉంటారు. వాళ్లను వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి, సిగ్గుపడి దాచకూడదు. చిన్నాడిలో నాకలాంటివేవీ కనబడలేదు. నిశ్చింతగా ఉండు.

ఆ పెన్సిలు కొన్నాళ్లు దాచెయ్యి. ఆదివారం పొద్దున ఆరింటికల్లా వాడికి పాత నిక్కరు తొడిగి తయారుగా ఉంచు. పాత గిన్నె ఒకటి, గరిటె ఒకటి నేను తెస్తాను. నువ్వూ రా తల్లీ, చెప్పులు లేకుండా.