తానీషా చేసిన పాపమేమిటి?

ధర్మం తప్పినవాడే పడిపోతాడన్న మాటను మా ధర్మపురిలో ఎవరూ విడిగా నేర్పనక్కర్లేదు. స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహుడి ఊరు. నేనూ దాన్ని నమ్మే పెరిగాను. కానీ గోల్కొండ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నాకు గొంతు దిగదు.

తర్వాత గోల్కొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబ్ షా మొదట అన్నకు భయపడి పారిపోయి విజయనగరంలో 7 ఏళ్లు తలదాచుకున్నాడు. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. మరి ఆయనకేమైంది? 1550 నుంచి 1580 దాకా నిక్షేపంగా ఏలాడు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చాడు. తెలుగువాళ్లు ఆయన్ను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ వంశపు అల్లుడు అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కి, హనుమకొండ నుంచి వచ్చిన మాదన్నను నమ్మి రాజ్యభారం అప్పగించాడు. 1687లో మొగలు పాదుషా ఔరంగజేబు చేతిలో సర్వం పోగొట్టుకుని, దౌలతాబాద్ కోటలో బందీగా పడి ఉండి, 1699లో అక్కడే కన్నుమూశాడు. ఇందులో ధర్మం ఎవరిని కాపాడినట్టు?

మా తాత పట్వారీ. పొద్దున గోదావరిలో మునిగి సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయన నోట శాలివాహన శకం. మధ్యాహ్నం దస్త్రాల మూట విప్పితే ఫసలీ, మొగలులు దక్కనుకు తెచ్చిన లెక్క. 1954-55 నాటి భూమి దస్త్రం ఖాస్రా పహాణీ కూడా ఆ లెక్కలో 1364 ఫసలీయే. ఒకనాడు ఆ మూట పక్కన కూర్చుని అడిగాను.

"తాతా, తానీషా ఎందుకు ఓడిపోయిండు?"

"ఆటలు, పాటలు బిడ్డా. రాజు భోగాన పడితె రాజ్యం నిలుస్తదా?"

"ఔరంగజేబుకు ఆటల్లేవు, పాటల్లేవు. ఆయన రాజ్యం నిలిచిందా మరి?"

తాత కలం ఆపాడు. పాళీ అంచున సిరా బొట్టు కట్టి కాగితం మీద పడింది. దాన్ని అద్దుడు కాగితంతో అద్ది, "ఆయన పాపం ఆయనది" అన్నాడు, కాస్త కోపంగా. మళ్లీ సర్వే నంబర్లలోకి తల వంచాడు. నిలవని రాజుల లెక్కలతోనే ఆయన పొద్దూ మాపూ గడిచేవి. అది నాకు చాలా ఏళ్లకు తట్టింది.

పోనీ, బలమే కారణమనుకుందాం. 1636 నుంచీ గోల్కొండ మొగలులకు కప్పం కడుతూనే ఉంది. 1677లో శివాజీ హైదరాబాదు వస్తే ఘనంగా ఎదురేగి సాయం చేసింది. ఔరంగజేబుకు ఇంతకన్నా సాకేం కావాలి? అయినా ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లంచం తిన్న అబ్దుల్లా ఖాన్ పన్నీ రాత్రివేళ తలుపు తీశాడు. సైన్యం, డబ్బు, ఒక ద్రోహి. ఇలా చూస్తే అంతా అర్థమవుతుంది, మనసు మాత్రం ఒప్పుకోదు. గెలుపోటములు ఇంతేనైతే నరసింహుడి ముందు నేను చేతులు జోడించేది దేనికి? మళ్లీ నాకే అనిపిస్తుంది: రామరాయలకు ఇబ్రహీం చేసింది తప్పు అనడానికి ఆయన కూలిపోయి ఉండాలా? హాయిగా ఏలి పోయినా తప్పు తప్పే కదా?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది 1686. అంతకు ముందరి ఏడే మొగలు సైన్యం హైదరాబాదును దోచింది. తానీషా గోల్కొండ కోటలోకి చేరాడు. మాదన్ననూ ఆయన సోదరుడు అక్కన్ననూ తొలగించాలన్నది మొగలుల షరతు. ఈ ఆపదంతా ఆ ఇద్దరి మూలానే వచ్చిందని అంతఃపురంలోనూ దర్బారులోనూ కొందరికి గట్టి నమ్మకం. మార్చిలో ఒక రాత్రి కోట వీధిలో అన్నదమ్ములిద్దరినీ నరికేశారు. మాదన్న తలను మొగలులకు పంపారు. దాంతో పీడ వదిలిందనుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి కోటా పోయింది, రాజూ పోయాడు.

మాదన్నను చంపినవాళ్లకూ, తానీషా భోగాలు ఏకరువు పెట్టే మనకూ కావలసింది ఒక్కటే: పడిపోయిన చోట ఒక పాపి. ఊళ్లో ఒకడి పంట పోయినా, చేతికొచ్చిన కొడుకు పోయినా, "ఏ పాపం చేసిండో" అని అరుగుల మీద అనుకునేవాళ్లున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ కోట వీధి గుర్తుకొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. నేనైతే ఆ మాట అనడం మానేశాను. గుడికి మాత్రం వెళుతూనే ఉన్నాను. ఎందుకని మా మనవడు అడిగితే చెప్పడానికి ఇంకా జవాబు దొరకలేదు.