క్రేత ధర్మము

ధనమిచ్చి, పత్రము వ్రాయించుకొని, రిజిస్టరు చేయించుకొన్నంత మాత్రమున నేల ధర్మముగా మనదగునా? విద్యావంతులును, ధనవంతులును ఈ ప్రశ్నను తమకు తామే వేసికొనవలెను. ఏలయన, కొనువారము మనము; అమ్ముకొనువారు పేదలు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల నిది వట్టి శంక గాదు. వానలు చాలని సీమ. బెంగుళూరు చేరువనే యున్నది. పెనుకొండ మండలములోని ఎర్రమంచి యొద్ద 2019లో కియా కార్ల కర్మాగారము పని కారంభించిన పిదప చుట్టుపట్ల భూముల వెలలు హెచ్చినవి. వేరుసెనగ పండక అప్పులపాలైన రైతు వాకిట బేరగాడు నిలుచుట నేడు వింత గాదు.

సత్య మెచ్చట నున్నను గ్రహింపదగినదే. రాజా రామమోహనరాయలు హీబ్రూ నేర్చి యూదుల గ్రంథములను పఠించెను. ఆ గ్రంథములలో లేవీయకాండము ఇరువదియైదవ యధ్యాయము మన ప్రశ్నకే యుత్తరము చెప్పుచున్నది. భూమి పరమేశ్వరునిది, నరులు దానిపై అతిథులు, కావున దానిని శాశ్వతముగా విక్రయింపరాదు. ఏబదియవ యేట, సునాదసంవత్సరమున, అమ్మిన పొలము తొలి కుటుంబమునకు మరలును. అంతవరకు మిగిలిన పంటల లెక్కనే వెల కట్టవలెను. నడుమ దాయాది విడిపింపవచ్చును. ప్రాకారముగల పట్టణములోని యింటికి మాత్రము విడుదల గడువు ఒక్క యేడే. ఇల్లు వేఱు, జీవనాధారము వేఱు.

తరువాతి కాలమున సునాదసంవత్సరము ఆచరణలో నిలువలేదు. మిష్నా యను స్మృతి ననుసరించి భూమి ధనముచేతనో, పత్రముచేతనో, అనుభవముచేతనో క్రేతకు సంక్రమించును. మన 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము నూరు రూపాయలకు తక్కువగాని స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరయిన పత్రము కావలె ననుచున్నది. ఇవి స్వామ్య మెట్లు మారునో తెలుపును. మారుట న్యాయమా యని తెలుపవు.

న్యాయమును గూర్చిన చింత మన శాసనములలోను లేకపోలేదు. భూమిలేని పేదల కిచ్చిన పట్టాభూములను, మన సీమలో డి.కె.టి. పట్టా లనబడువానిని, అమ్మరాదనియు, కొన్నవానికి హక్కు కలుగదనియు 1977లో ఆంధ్రప్రదేశమున చట్టమైనది. 2023లో దానిని సవరించి, పట్టా పొంది ఇరువదియేండ్లు గడచిన మూలపట్టాదారులకు విక్రయాధికార మొసగిరి.

తనదానిని తానమ్ముకొనరా దనుట పేదను బాలునిగా నెంచుట కాదా యని కొంద రందురు. ఈ మాటలో సత్యము గలదు. నిషేధమున్న నాళ్లలోను చాటుగా తెల్లకాగితములపై బేరములు సాగినవి. నిషేధమే సాకుగా వెల తగ్గించినవారును గలరు. కావున నిషేధ మొక్కటే రక్షణ యని మేమనము. కాని వలదనగల శక్తి లేనివాని సమ్మతిని స్వేచ్ఛ యనుట యెట్లు? ధర్మవరపు నేతగాడు అక్కఱకొక చీర నమ్మిన, మగ్గ మున్నంతవరకు మఱియొకటి నేయగలడు. పొల మమ్మిన రైతు మఱియొక పొలమును నేయలేడు. అతడమ్మినది పంటను గాదు, మగ్గమునే.

కావున చట్టము విడిచిన బరువు కొనువాని యంతరాత్మపై బడినది. నేల నిజమైన వెలను విక్రేతకు దాపక తెలుపుడు. అప్పులవాడు వాకిట నిలిచిన దినమున బేరమాడకుడు. వీలైన అప్పో, కౌలో యిచ్చి యాదుకొనుడు. ఇంటి స్త్రీల సమ్మతి నడుగుడు. కొన్నియేండ్లలో అతడు తిరిగి కొనగోరిన, కొన్న వెలకే మరల నిండు. ఇట్లు చేసిన లాభము తగ్గును, నిజమే. ఆ తగ్గిన లాభమే సునాదసంవత్సరమునకు మన మిచ్చు కానుక.

పత్రముపై సాక్షులిద్దరు చేవ్రాలు చేయుదురు. మూడవ సాక్షి యొకడు గలడు. ఆయన యెదుట కలము పట్టగలిగితిమేని ఆ నేల మనది.