ఏ పెత్తనాన్ని వదిలేశాం?

లిబర్టేరియన్ అనగానే ఇవాళ గుర్తొచ్చేది అమెరికా. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం మా జోలికి రాకూడదు, మా ఆస్తి మా ఇష్టం అనేవాళ్లు. 1971లో ఆ పేరుతో అక్కడ ఒక పార్టీ కూడా పుట్టింది. కానీ 1789లో విలియం బెల్షామ్ అనే ఇంగ్లిషు రచయిత ఆ మాట వాడినప్పుడు దానికి రాజకీయంతో పని లేదు. మనిషి చేసేదంతా కార్యకారణాలకు కట్టుబడిందే అనే వాదానికి ఎదురు నిలిచి, సంకల్పానికి స్వేచ్ఛ ఉందనే వాళ్ల పేరది.

ఫ్రెంచిలో దీన్ని రాజకీయాల్లోకి దించినవాడు జోసెఫ్ దెజాక్. గోడలకు కాగితాలు అంటించి బతికిన పనివాడు, ప్రవాసి. 1857లో న్యూ ఆర్లీన్స్ నుంచి ప్రూధోన్‌కు బహిరంగ లేఖ రాశాడు. ప్రూధోన్ ఆస్తిని దొంగతనం కింద జమకట్టినవాడు, రాజ్యమే వద్దన్నవాడు. ఇంట్లో మాత్రం ఆడది మగవాడి చెప్పుచేతల్లో ఉండాలన్నాడు. దెజాక్‌కు ఒళ్లు మండింది. నువ్వు లిబరల్‌వే గాని లిబర్టేరియన్‌వి కావని తేల్చేశాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అదే పేరుతో పత్రిక పెట్టాడు.

నూరేళ్లు తిరిగేసరికి, ఆస్తిని తిట్టినవాళ్ల పేరును అమెరికాలో ఆస్తిని కాచేవాళ్లు పెట్టుకున్నారు. నాకిది అంత వింతగా తోచదు. స్వేచ్ఛ కోరే ప్రతివాడూ ఏదో ఒక పెత్తనాన్ని లెక్కలోంచి తీసేస్తాడు. ప్రూధోన్ మొగుణ్ని తీసేశాడు, వీళ్లు యజమానిని తీసేశారు. యజమాని నచ్చకపోతే పని మానేయొచ్చు, ప్రభుత్వాన్ని అలా మానేయలేం కదా అని వీళ్ల జవాబు. అందులో నిజం ఉంది. కాకపోతే పని మానేస్తే పొయ్యి వెలగని వాడికి ఆ తేడా పెద్దగా తెలియదు.

మనం మాత్రం తక్కువా? పోలీసు ఆపి కాగితాలు చూపించమంటే హక్కులన్నీ గుర్తొస్తాయి. పనిమనిషి రెండు రోజులు సెలవడిగితే మాత్రం ఎందుకు, ఎక్కడికి అని ఆరా తీస్తాం. అది పెత్తనమన్న ఊహే రాదు. మనం చేసే పెత్తనానికి బాధ్యతనో పద్ధతనో పేరు ఉండనే ఉంటుంది.

అందుకే, నేను స్వేచ్ఛావాదినని ఎవరైనా చెప్పుకుంటే, వారు ప్రభుత్వాన్ని ఎంత గట్టిగా తిడుతున్నారో నాకు అక్కర్లేదు. వారి కింద బతుకుతున్నవాళ్లు వారికి కాదని చెప్పి, మర్నాడు కూడా నిశ్చింతగా అన్నం తినగలరా అన్నదొక్కటే నాకు కావాలి.