రెండు తలల పక్షి, రెండు తలల పాము: కల్పిత జీవశాస్త్రంలో నైతికత

లేని ప్రాణికి శరీరధర్మాన్నీ చరిత్రనూ కల్పించడం అసత్యమా, లేక ఒక విధమైన ఆలోచనా? గూడూరు పరిసరాలలోనే ఈ ప్రశ్నకు రెండు ఉదాహరణలు లభిస్తాయి. ఒకటి రాజముద్ర, మరొకటి మెట్టనేలలో తిరిగే పాము.

గూడూరు నుండి వెంకటగిరి మీదుగా రైలుమార్గాన చేరగల శ్రీకాళహస్తి, 1529లో అచ్యుతదేవరాయలు పట్టాభిషేకం జరుపుకొన్న క్షేత్రం. ఆయన నాణేలపై గండభేరుండం కనిపిస్తుంది. ఒకే మొండెం, రెండు తలలు; ముక్కులలో, గోళ్లలో ఏనుగులు. ఏనుగును మోయగల రెక్క ఎంత ఉండాలో ఆ ముద్రను చెక్కినవాడు లెక్కించలేదు, లెక్కించనక్కరలేదు కూడా. నృసింహుని ఉగ్రత్వాన్ని శివుడు శరభరూపంలో అణచినట్లు శైవులు చెప్పగా, ఆ శరభాన్ని మించినదిగా వైష్ణవులు గండభేరుండాన్ని నిలిపారు. మత వివాదంలో ఎదుటి పక్షానికి చెప్పిన సమాధానం ఇక్కడ రెండు తలల దేహంగా రూపొందింది.

పంచతంత్రంలోని భారుండపక్షి ఇందుకు భిన్నమైనది. దానికి తలలు రెండు, పొట్ట ఒకటే. ఒక తలకు అమృతతుల్యమైన ఫలం దొరికినప్పుడు రెండవదానికి వాటా ఇవ్వదు, అలిగిన రెండవ తల విషఫలాన్ని తింటుంది, పక్షి మరణిస్తుంది. కథలోని నీతి అంతా ఆ ఒక్క పొట్ట మీదనే ఆధారపడింది. పొట్టలు రెండైతే కథే లేదు. కల్పించిన అవయవం వల్ల కలిగే ఫలితాన్ని కథకుడు చివరివరకు విడిచిపెట్టలేదు. కల్పిత జీవశాస్త్రం ఆలోచన అనిపించుకొనేది ఇటువంటి చోటనే.

పామునకు కల్పించిన శరీరధర్మం వేరు. జనులు రెండు తలల పామని పిలిచే ప్రాణికి ఉన్నది ఒక తలే. తోక మొద్దుబారి తలను పోలి ఉంటుంది. ప్రమాదం కలిగినప్పుడు అది తలను చుట్టల కింద దాచి, తోకను ముందుకు చూపుతుంది. విషం లేదు. ఎలుకలను తిని చేలకు మేలు చేస్తుంది. అయితే ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు మరొక తల పనిచేస్తుందనీ, ఇంట ఉంటే ధనం చేకూరుతుందనీ నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకానికి బరువును బట్టి ధర కూడా ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించినా అక్రమ వ్యాపారం ఆగలేదు. తోకపై కళ్లూ నోరూ ఉన్నట్లు కనిపించేందుకు గాట్లు పెట్టడమూ ఉంది. శత్రువును ఏమార్చడానికి ప్రకృతి ఇచ్చిన తోకే, ఈ ఒక్క శత్రువును దాని వద్దకు రప్పిస్తున్నది.

ఈ భేదాన్ని నమ్మకం ఉండటం, లేకపోవడం అన్న ప్రమాణంతో నిర్ణయించడం కుదరదు. గండభేరుండానికి మొక్కే భక్తుడూ నమ్మేవాడే. దోషం దురాశదే గాని కల్పనది కాదనే వాదంలో కొంత సత్యం ఉంది. అయినా కేవలం దురాశ ఒక ఎలుకలవేటగాడికి వెల కట్టలేదు. ఆ వెలకు మూలం లేని రెండవ తలే. భారుండపక్షి కల్పితమైన తన దేహఫలాన్ని కథలో తానే అనుభవించింది. పాము విషయంలో కల్పించినవారు మనుషులు, గాటు పడినది బ్రతికివున్న తోకపై. కనుక ఒక కల్పిత దేహాన్ని విచారించేటప్పుడు అది ఎంత అసంభవమన్నదాని కంటె, దాని భారం ఎవరి ఒంటిపై పడుతున్నదన్నది ముందు అడగవలసిన ప్రశ్న. విజయనగర నాణెంపై ఆ భారం లోహానిది.